ఆరోగ్యమ్మ మానేసిన తిట్లు

సాలిపేటలో మైకుసెట్టు జోజయ్యను భార్య ఆరోగ్యమ్మ తిట్టడం మొదలుపెడితే, ఆ వీధివాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. గడియారం కంటే ఆ గొంతునే నమ్మేవాళ్ళు. ఆ తిట్లలో బూతు ఉండేది కాదు, శాపనార్థం ఉండేది కాదు. తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు, బురద చెప్పులతో వంటింట్లోకి వచ్చినందుకు, బీపీ మాత్ర మరిచిపోయి మిరపకాయ బజ్జీలు మాత్రం మరిచిపోనందుకు, ఒక్కొక్క నేరానికీ తగినంత కొలిచి వడ్డించేది. జోజయ్య ముప్ఫై ఏళ్ళుగా లౌడుస్పీకర్ల కింద బతికినవాడు. చెవులు మొద్దుబారాయి. ఎవరేమన్నా రెండోసారి అడిగేవాడు. ఆరోగ్యమ్మ మాట మాత్రం మొదటిసారే చక్కగా వినపడేది.

ఆ ఊరి విచారణలో, అంటే ఆ గుడికి చెందిన క్రైస్తవ కుటుంబాలన్నిట్లో, ఒక ఆచారం ఉంది. విభూతి బుధవారంనాడు నుదుట బూడిద పెట్టించుకునేటప్పుడు, ఈస్టరు దాకా తాను మానుకోబోయేదేమిటో ప్రతివాళ్ళూ పీఠం ముందు పైకి చెప్పాలి. ఆ ఏడు జోజయ్య బజ్జీలు మానుకున్నాడు. విచారణ సంఘం కార్యదర్శి అర్లప్పగారు టీలో చక్కెర మానుకున్నారు. ఆ చక్కెరను డాక్టరు రెండేళ్ళ కిందటే మాన్పించాడు కానీ, ఆయన దాన్ని అప్పటిదాకా దేవుడి ఖాతాలో వేయలేదు. థెరేసమ్మ అవ్వ వక్కాకు మానుకుంది. విచారణ గురువు ఫాదర్ స్టనిస్లాసు దీర్ఘ ప్రసంగాలు మానుకున్నట్టు ప్రకటించగానే గుడిలో ఒక్కసారిగా భక్తి పెరిగింది. ఆయన ఏ ఆదివారమైనా ఆదాము నుంచి మొదలుపెట్టేవారు. మోషే ఎర్రసముద్రం దాటేసరికి ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోయేవి. క్రీస్తు పుట్టేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్ళు.

ఆరోగ్యమ్మ వంతు వచ్చింది. చేతులు జోడించి, “మా ఆయన్ని తిట్టటం మానుకుంటున్నా ఫాదర్” అంది. ఫాదర్ చెయ్యి విభూతితో గాల్లోనే ఆగిపోయింది. ఇది మోయగలవా అమ్మా అని ఆయన మెల్లగా అడిగారట. దేవుడు సిలువ మోశాడు, నేను నోరు మూసుకోలేనా అని ఆమె జవాబు చెప్పిందట.

జోజయ్యకు మొదటి వారం పండగే. తువ్వాలు మంచం మీదే ఆరేసేవాడు. చెప్పులతో ఇల్లంతా తిరిగాడు. అత్తారింట్లో కొత్తల్లుడిలా బతికాడు. రెండో వారంలో ఏదో తేడా కొట్టింది. తడి తువ్వాలును ఆరోగ్యమ్మ మాట్లాడకుండా తీసుకెళ్ళి తీగ మీద వేసి వచ్చి, నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఆయనకు భయం వేసింది. భయం పోయాక దిగులు పట్టుకుంది. ఆమె తిట్టటం మానుకోగానే మాట్లాడటమే సగానికి సగం తగ్గింది. ఆ ఇంట్లో మాటలన్నీ తిట్ల వెంటే వచ్చేవని అప్పుడు తెలిసింది. తిట్టిన నోటితోనే ఆమె పాలవాడి సంగతీ, తన మోకాలి నొప్పి సంగతీ, రాత్రి వచ్చిన కల సంగతీ చెప్పేది. ఇప్పుడు అన్నం వడ్డించి, “ఇంకొంచెం పెట్టనా?” అని ఊరుకునేది. ఎవరింట్లోనో భోజనానికి వెళ్ళినట్టు ఉండేది జోజయ్యకు.

సరే, ఈస్టరు దాకా ఉండే తపస్సు కాలం నలభై రోజులే కదా అని పళ్ళ బిగువున కాచుకున్నాడు. ఈస్టరునాడు పూజ నుంచి రాగానే బురద చెప్పులతో నేరుగా దేవుడి పటం దాకా నడవాలని, తువ్వాలు నీళ్ళోడుతుండగా ఆమె దిండు మీదే వేయాలని ముందే అనుకుని పెట్టుకున్నాడు. మామూలు నేరాలు సరిపోవని ఆయన లెక్క.

ఈస్టరు తెల్లవారుజామున ఫాదర్ ప్రసంగం పన్నెండు నిమిషాల్లో ముగిసింది. చివర్లో ఆయన ఒక్క మాట అన్నారు: తపస్సు కాలంలో అలవడిన మంచిని పండుగతోపాటే పక్కన పెట్టేయకండి. ఏ గుడిలోనైనా ఏ ఫాదరైనా ఏటా అనే మాటే అది. ఎవరూ పట్టించుకోకపోవడమూ ఏటా జరిగేదే. కానీ ఆ ఏడు కార్యదర్శి స్థానంలో అర్లప్పగారు ఉన్నారు. నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కాలవల్లో నీళ్ళు వదలడానికి ఎన్ని ఉత్తర్వులు కావాలో, ఆపడానికి ఎన్ని కావాలో తెలిసినవాడు. ఆయన పూజ అయిన వెంటనే గుడి ముంగిట్లో మైకు అందుకున్నారు. ఆ మైకు జోజయ్యదే.

“విశ్వాసులు ప్రస్తుత తపస్సు కాలంలో సాధించిన ఆత్మీయ పురోభివృద్ధిని పునరుత్థాన పర్వదినంతో నిలుపుదల చేయుట విచారణ ప్రయోజనాల రీత్యా వాంఛనీయం కాదని భావించడమైనది. కావున ఎవరెవరు ఏమేమి విసర్జించియున్నారో, సదరు విసర్జన తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథంగా కొనసాగవలెనని ప్రతిపాదించడమైనది” అన్నారు అర్లప్పగారు.

ఎవరికీ అర్థం కాలేదు. ఉపదేశి యాకోబు, గుడిలో పిల్లలకు జపాలు నేర్పే సాధుమనిషి, దాన్ని విడమరిచి చెప్పాడు: ఎవరు మానుకున్నది వాళ్ళు ఇక మానుకున్నట్టే. ముంగిట్లో గొణుగుడు మొదలైంది. అంతలో ఎవరికో తట్టింది. తట్టినవాళ్ళు పక్కవాళ్ళ వైపు చూశారు, పక్కవాళ్ళు ఫాదర్ వైపు చూశారు. మానుకున్నవి మానుకున్నట్టే ఉండాలంటే ఫాదర్ ప్రసంగం కూడా పన్నెండు నిమిషాలే ఉండాలి. జీవితాంతం. చేతులన్నీ ఒక్కసారి లేచాయి. జోజయ్య రెండు చేతులూ ఎత్తాడు. తీర్మానం ఏకగ్రీవమైంది, ఫాదర్ నేల చూపులు చూశారు.

ఇంటి మలుపు తిరిగాక జోజయ్యకు తాను ఏం చేశాడో తెలిసివచ్చింది. అప్పటికి ఆయన చెప్పుల నిండా బురద పట్టించుకుని ఉన్నాడు. అయినా ఆశ చావక అలాగే లోపలికి నడిచాడు. ఆరోగ్యమ్మ ఆ అడుగులు చూసింది. ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది, తెరిచిన నోటిని మూసుకుంది.

“తీర్మానం అయిందిగా” అంది, గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ. “అందరూ ఒక చెయ్యెత్తితే నువ్వు రెండెత్తావు. నా నోరు అంత బాధ పెట్టిందని నాకు తెలవదయ్యా.”

ఫాదర్ ప్రసంగం కోసం ఎత్తానని జోజయ్య చెప్పబోయాడు కానీ, ఈస్టరు పూట గురువును ఆడిపోసుకోవడం పాపమని ఆగిపోయాడు. ఆ ఆగడమే ఆయన చేసిన రెండో పొరపాటు.

తీర్మానం మరునిమిషం నుంచే పనిచేయసాగింది. మాంసం మానుకున్నవాళ్ళు పండుగకని కోసిన కోళ్ళు పక్కింటి హిందువులకూ వెనకింటి ముస్లిములకూ వెళ్ళాయి. ఈస్టరు ఇంత బాగుంటుందని మాకు తెలవదని వాళ్ళు మెచ్చుకున్నారు. తపస్సు కాలంలో ఆనంద స్తుతి అయిన అల్లెలూయ పాడరు కనుక, ఆ మాట వచ్చే చోట పాటగాళ్ళు పెదవులు బిగించి మూలిగేవాళ్ళు. తపస్సు కాలంలో పెళ్ళిళ్ళు చెయ్యరు కనుక ముహూర్తాలన్నీ ఆగిపోయి, జోజయ్య మైకుపెట్టెకూ ఇంటిలాగే మౌనం పట్టింది. గుడిలో పునీతుల విగ్రహాల మీద తపస్సు కాలంలో కప్పిన ఊదా గుడ్డలు కప్పినట్టే ఉండిపోయాయి. మే నెల మొదటి తేదీన కార్మికుల పునీతుడు జోజప్పగారి పండుగ వస్తే, ముసుగుతోనే ఊరేగించారు. సెంటర్లో గాలి లేచి గుడ్డ పక్కకు తొలగితే లోపల జోజప్పగారికి బదులు అంతోనివారు కనపడ్డారు. ముసుగు ఉన్నంతకాలం పునీతులందరూ సమాన హోదా కలిగి ఉందురని అర్లప్పగారు అక్కడికక్కడే తేల్చేశారు. పోయిన వస్తువులు వెతికిపెట్టేది అంతోనివారే కనుక, జోజయ్య ఒక్కడే సంతోషించి, ఆరోగ్యమ్మ గొంతు వెతికిపెట్టమని మొక్కుకున్నాడు.

ఇది ఇలా సాగి సాగి దానంతటదే చల్లారేదేమో. కానీ మంచివాళ్ళు అడిగే ప్రశ్నలంత ప్రమాదం మరొకటి లేదు. ఉపదేశి యాకోబు ఒక సాయంత్రం అర్లప్పగారిని వినయంగా అడిగాడు: అన్నీ మానుకున్నవి మానుకున్నట్టే ఉంటే, వచ్చే ఏడు విభూతి బుధవారంనాడు కొత్తగా మానుకోవడానికి మా దగ్గర ఏముంటుందండీ? తన మట్టుకు తనకు ఉన్న ఒక్క దురలవాటు పగటి నిద్ర, అదీ పోయింది.

అర్లప్పగారు ఆ రాత్రి నిద్రపోలేదని చెబుతారు. మర్నాటికి పరిష్కారం సిద్ధమైంది. విసర్జించుటకు దురలవాటు లేని విశ్వాసి వచ్చే తపస్సు కాలంలో త్యాగం చేయు అవకాశం కోల్పోవును. ఇది ఆత్మకు తీరని నష్టం. కావున అట్టి నిరుపేద విశ్వాసులకు విచారణ సంఘమే ముందస్తుగా తగిన దురలవాట్లు మంజూరు చేయును. లబ్ధిదారులు సదరు అలవాటును శ్రద్ధగా అభ్యసించి, విభూతి బుధవారం నాటికి విసర్జనకు యోగ్యమైన స్థాయికి తీసుకురావలెను.

మంజూరులు మొదలయ్యాయి. థెరేసమ్మ అవ్వకు నస్యం వచ్చింది. జపమాల చెబుతూ మధ్యలో తుమ్మడం వల్ల లెక్క తప్పి ఆమె మళ్ళీ మొదటి పూసకు వచ్చేది. యాకోబుకు పేకాట వచ్చింది. పాపం, జీవితంలో ముక్క పట్టనివాడు, చింతపిక్కలు పెట్టి ఆడి రోజూ గెలిచేవాడు. గెలిచిన ప్రతిసారీ మన్నించమని ఎదుటివాడి చేతులు పట్టుకునేవాడు. ఊళ్ళో ఆరితేరిన పేకాటరాయుళ్ళు ఆ బాధ పడలేక ఆట మానేశారు. దాన్ని కూడా పథకం సాధించిన విజయంగానే అర్లప్పగారు మైకులో చెప్పారు.

జోజయ్యకు చుట్ట మంజూరైంది.

ఆయన ముఖం చాలా రోజుల తర్వాత వెలిగింది. ఆరోగ్యమ్మకు పొగాకు వాసన సరిపడదు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చుట్ట ముట్టించినందుకు ఆమె తిట్టిన తిట్లకు, పైకప్పు మీద పావురాలు లేచిపోయి మళ్ళీ రాలేదు. జోజయ్య సెంటరులోకెల్లా ఘాటైన చుట్ట కొనుక్కుని, ఇంటికి వచ్చి, ఉతికి పరిచిన తెల్ల దుప్పటి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ముట్టించాడు. దగ్గు ముంచుకొచ్చింది, కళ్ళ నీళ్ళు కారాయి, అయినా వదల్లేదు. ఆరోగ్యమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆమె లోపలికి వెళ్ళి, ఒక కొబ్బరి చిప్ప తెచ్చి మంచం పక్కన పెట్టింది.

“బూడిద ఇందులో రాల్చు. దుప్పటి కాలుద్ది” అని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి కూర్చుంది.

చుట్ట ఆరిపోయేదాకా జోజయ్య దాన్ని చూస్తూ ఉండిపోయాడు. తనను తిట్టడానికి కూడా ఆమెకు మనసు రావడంలేదనిపించింది.

మర్నాడు వెళ్ళి ఫాదర్‌తో మొరపెట్టుకున్నాడు. ఇదంతా తీసేయమని మీరొక్క మాట అంటే చాలు కదా ఫాదర్ అన్నాడు. ఫాదర్ తల అడ్డంగా ఊపారు.

“నేను తీసెయ్యమంటే ఏమంటారు జోజయ్యా? పెద్ద ప్రసంగాల కోసం ఫాదర్ తపస్సు చెడగొట్టాడంటారు” అన్నారు. “ప్రవక్తలు పదహారు మందీ కడుపులో అట్టాగే ఉండిపోయారు. ఒక్కరినీ బయటికి తియ్యలేదు” అని నిట్టూర్చారు.

నోరున్న ఫాదర్‌కూ, నోరు కోసం వచ్చిన జోజయ్యకూ ఆ పూట ఓదార్పు దొరకలేదు.

ఈస్టరుకు ఏడు వారాల తర్వాత వచ్చే పెంతెకోస్తు పండుగ సాయంత్రం గుడి ముంగిట్లో పెద్ద సమావేశం పెట్టారు. ఆ రోజు ఆడవాళ్ళకు దురలవాట్లు మంజూరు చేస్తారు. గంటగోపురం మీద హారన్లు కట్టి, జోజయ్య రెండో మైకు చేత పట్టుకుని మైకుపెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. ఒకావిడకు పగటి నిద్ర, ఇంకొకావిడకు సినిమాల పిచ్చి. ఆరోగ్యమ్మ పేరు పిలవగానే ఆమె లేచి నిలబడింది. ఆమెకున్న ఒక్క దురలవాటూ విసర్జించబడినందున ఆమె పూర్తిగా నిరుపేద వర్గంలోకి వస్తుందని అర్లప్పగారు ప్రశంసాపూర్వకంగా చదివారు.

జోజయ్య కాళ్ళు ఆయన్ను అడక్కుండానే లేచాయి.

“అయ్యా, ఒక మనవి. ఆమెకు తిట్లు మంజూరు చెయ్యండి.”

ముంగిలి అంతా తిరిగి చూసింది. అర్లప్పగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

“విసర్జించిన దురలవాటును అదే వ్యక్తికి పునఃకేటాయింపు చేయుటకు నిబంధనలు అంగీకరించవు. అట్లు చేసిన యెడల ప్రతివారు తమ పాత అలవాట్లే కోరెదరు. పథకం మూలసూత్రం దెబ్బతినును. శ్రీమతి ఆరోగ్యమ్మకు చాడీలు చెప్పుట మంజూరు చేయడమైనది.”

“చాడీలు ఆమెకు రావండీ” అన్నాడు జోజయ్య. చేతిలో మైకు ఉందన్న సంగతి ఆయన మరిచిపోయాడు. మాటలన్నీ గోపురం మీదికెక్కి ఊరంతటికీ వెళ్ళాయి. “ఆమెకు ఎవరి గురించీ వెనక మాట్లాడటం తెలవదు. ఏదున్నా మొహానే. నేను ఆ రోజు చెయ్యెత్తింది ఫాదర్ ప్రసంగం కోసం, ఆమె నోటికి భయపడి కాదు. ఇల్లు ఇల్లు లాగా లేదండీ. తువ్వాలు ఎక్కడ వేసినా అడిగే దిక్కు లేదు. చెప్పులతో మంచమెక్కినా అడగదు. చుట్ట కాల్చినా చిప్ప తెచ్చి పెట్టింది. నాకు ఈ చెవుల్లో సరిగ్గా వినపడేది ఆమె గొంతొక్కటే. అదీ లేకపోతే ఇంక నేను ఏం వినాలి?”

థెరేసమ్మ అవ్వ ముక్కు చీదింది. అది నస్యం వల్ల కాదు. అర్లప్పగారు కూడా ఒక్క క్షణం తటపటాయించారు, కానీ ముప్ఫై అయిదేళ్ళ సర్వీసు ఆయన్ను నిలబెట్టింది. సానుభూతితో పరిశీలించి తిరస్కరించడమైనదని అన్నారు.

అప్పుడు ఆరోగ్యమ్మ నడిచి వచ్చింది. జోజయ్య ఎదురుగా నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ముఖం మాత్రం ఎర్రగా, జోజయ్యకు బాగా తెలిసిన ఎరుపులో ఉంది.

“ఏందయ్యా, నీకు మతుండే మాట్లాడుతున్నావా?” అంది. “ఇంటి సంగతి గోపురమెక్కి చెప్తావా? చెప్పులతో మంచమెక్కావని నలుగురికీ చెప్పుకోటానికి సిగ్గు లేదా? ఆ చుట్ట కంపు దుప్పటికి ఇప్పటిదాకా పోలేదు, మూడుసార్లు ఉతికా. మాత్ర మరిచిపోతే మరిచిపోయానని చెప్పు, నీ మొహం ఉబ్బితే నాకు తెలవదనుకున్నావా? నీ నోరు పడిపోయిందా ఇన్నాళ్ళూ? ఫాదర్ ప్రసంగం కోసం చెయ్యెత్తానని ఆ రోజే చెప్తే ఏం పోయింది?”

అర్లప్పగారు కల్పించుకోబోయారు. విసర్జన ఉల్లంఘన జరుగుతున్నట్టు గమనించడమైనదని మొదలుపెట్టారు.

ఆరోగ్యమ్మ అటు తిరిగింది. “నువ్వుండు అర్లప్పన్నా. డాక్టరు మాన్పించిన చక్కెర దేవుడికిచ్చినోడివి, నువ్వా మాకు త్యాగాలు చెప్పేది? వక్కాకు నముల్తూ నాలుగు మంచి మాటలు చెప్పే ముసల్దాన్ని తుమ్ముల పాలు చేశావు. చీమకు కూడా దారిచ్చే యాకోబు చేతికి పేక ముక్కలిచ్చావు. దేవుడు మూడో రోజుకే సమాధిలోంచి లేచాడు. మనల్ని మాత్రం అందులోనే పడుకోబెట్టి పైన బండ పెట్టావు. ఆయన లేచింది ఎందుకనుకున్నావు, మళ్ళీ నీ ఉత్తర్వు కోసం చూస్తా కూర్చోటానికా?”

జోజయ్య చెయ్యి మైకుపెట్టె మీటల దగ్గరికి వెళ్ళింది. ఆపేస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన శబ్దం పూర్తిగా పెంచాడు. ఆ గొంతు గంటగోపురం దాటి, సెంటరు దాటి, మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల దాకా వెళ్ళింది. వాళ్ళ వీధిలో ఎవరో అలవాటు కొద్దీ పొయ్యి మీద ఎసరు పెట్టారని తర్వాత తెలిసింది.

ఆమె ఆగింది. ఫాదర్ స్టనిస్లాసు కుర్చీలోంచి లేచారు. ఆయన మాట్లాడబోతున్నారని కొందరు గేటు వైపు చూశారు. ఆయన ఒకే ఒక్క మాట అన్నారు.

“అల్లెలూయ.”

పాటగాళ్ళ పెదవులు ముందు విచ్చుకున్నాయి. తర్వాత జనం అందుకున్నారు. ఎవరో గుడిలోకి పరుగెత్తి జోజప్పగారి మీది గుడ్డ లాగారు. థెరేసమ్మ అవ్వ నస్యం డబ్బాను అర్లప్పగారి ఒళ్ళో పెట్టి, బొడ్లో దాచుకున్న వక్కాకు తీసింది. అర్లప్పగారు కాసేపు ఆ డబ్బాను చూసి, సదరు తీర్మానం రద్దు కొరకు వేరుగా మరొక సమావేశం అవసరమని గొణిగారు. అల్లెలూయలో అది ఎవరికీ వినపడలేదు.

మైకుపెట్టె భుజాన వేసుకుని జోజయ్య ఇంటిదారి పట్టాడు. ఆరోగ్యమ్మ ముందు నడుస్తూ తిడుతూనే ఉంది. బరువు ఆ భుజం మీద కాదు ఈ భుజం మీద వేసుకోవాలని, దారి చూసుకుని నడవాలని, రాత్రి తనకొక కల వచ్చిందని, అందులో కూడా ఈయన తువ్వాలు మంచం మీదే వేశాడని. జోజయ్య ఒక్క మాట కూడా రెండోసారి అడగలేదు. ఆమె కాస్త ఆగితే మాత్రం గుండె ఝల్లుమంది.

“ఇంకేమన్నా ఉన్నాయా?” అని అడిగాడు ఆశగా.

“ఇంటికి పద, చెప్తా” అంది ఆరోగ్యమ్మ.

జోజయ్య పెట్టెను భుజం మార్చుకుని, అడుగు వేగం పెంచాడు.